ముళ్లపందికే మీ ఓటు!

ఊరు బాగుపడాలంటే ఊరి బడిని నడిపే స్కూల్ బోర్డుకు ఎన్నికలు జరగాలి. అదీ ఎప్పుడో ఒకసారి కాదు, నెలనెలా జరగాలి! పెన్సిల్వేనియాలో మా ఆల్డర్స్‌బర్గ్ లాంటి చిన్న ఊళ్లకు ఇంతకు మించిన వరం లేదని, ఇనుపసామాన్ల కొట్టు నడుపుకునే లమార్ బ్రికర్ అనే నేను ఘంటాపథంగా చెబుతున్నాను. ఈసారి బోర్డులో ఖాళీ అయిన సీటుకు నేనే పోటీ చేస్తున్నాను కనుక నా మాట పూర్తిగా నమ్మవచ్చు.

ఆ సీటుకు జీతం లేదు. గౌరవం అంతకన్నా లేదు. గెలిచినవాణ్ణి సూపర్‌మార్కెట్‌లో కూరగాయల దగ్గర ఆపి మరీ తిడతారు. ఊరికే ఇస్తామన్నా ఎవరూ పట్టుకెళ్లని సరుకు కోసం జనం ఇలా తోసుకోవడం ఇంకెక్కడైనా చూశారా?

వ్యాపారానికైతే పండగే! ఇంటింటి ముందూ పచ్చికలో అభ్యర్థి పేరున్న అట్ట గుచ్చాలి. గుచ్చడానికి ఊచలు కావాలి. ఊచలు దొరికేది నా కొట్లోనే. నా ప్రత్యర్థి గేల్ కెర్న్ కూడా అక్కడికే వస్తుంది. "లమార్, నిన్ను ఓడించడానికే కొంటున్నాను, కాస్త చూసి ఇవ్వు" అంటుంది. గాలివానకు ఆమె అట్టలు ఎగిరిపోతే మర్నాడు మళ్లీ వస్తుంది. నావీ ఎగిరిపోతాయి. కాకపోతే ఆ ఊచలు నాకు నేనే అమ్ముకోవాలి.

ఇక అసలు సమస్యకు వద్దాం. మా బడి ఫుట్‌బాల్ జట్టు గుర్తు ముళ్లపంది. కొత్త చొక్కాల మీద అది నవ్వాలా, పళ్లు నూరాలా? గేల్ నవ్వాలంటుంది. నాది పళ్లు నూరే పక్షం. ఈ ముక్క మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. మొన్న ఆదివారం మా పాస్టరుగారు "ప్రభువా, సకల జీవులనూ దీవించు" అంటే, ఏ పక్షం జీవినో తేలక సగం మంది ఆమెన్ అనలేదు!

ఇందులోని సుఖం గమనించారా? ముళ్లపంది గురించి మాట్లాడుతున్నంతసేపూ పిల్లల గురించి మాట్లాడనక్కర్లేదు. పిల్లలు మహా ఖరీదైన విషయం. వాళ్లకు టీచర్లు కావాలి, పుస్తకాలు కావాలి, బస్సులు కావాలి. ముళ్లపందికి ఏం కావాలి? ఓ రంగు డబ్బా! అదీ నా దగ్గర ఉంది.

ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి మా ఊళ్లో ఓరెట్టా స్వైగర్ట్ అని ఒక పెద్దావిడ ఉంది. క్వారీ రోడ్డు చివర ఇల్లు. రెండో తరగతి చదివే మనవరాలు జూనీని తనే పెంచుతోంది. సెప్టెంబరులో డ్రైవరు మానేసినప్పటినుంచీ ఆ రోడ్డుకు స్కూలు బస్సు రావడం లేదు. ఓరెట్టా తెల్లారకముందే బేకరీలో పనికి వెళ్లాలి. పిల్ల బ్యాగు తగిలించుకుని, మసక చీకట్లో, కంకర లారీల పక్కనుంచి బడికి నడిచి వస్తుంది.

మొన్న ఫైర్‌స్టేషన్ హాల్లో అభ్యర్థుల సభ జరిగింది. అందరూ కోడి సూపు తాగి, ముళ్లపంది గురించి హాయిగా అరుచుకుంటున్నారు. ఓరెట్టా లేచింది.

"పందిగోల తర్వాత చూద్దాం గానీ, మా రోడ్డుకు బస్సు వస్తుందా?"

గేల్ చిరునవ్వు నవ్వింది. "నవ్వే ముళ్లపంది ఉన్న బడికి డ్రైవర్లు వెతుక్కుంటూ వస్తారండీ!"

చప్పట్లు! ఇక నా వంతు. లేని సరుకును లేదని చెప్పకూడదన్నది కొట్టు నడిపేవాడి మొదటి పాఠం. "దారిలో ఉంది, వచ్చేవారం చూద్దాం" అన్నాను.

"నీ కొట్లో మేకులడిగినా ఇదే మాట చెబుతావు కదయ్యా లమారూ! వస్తుందా, రాదా? ఒక్క ముక్క చెప్పు!"

అదృష్టం కొద్దీ టైము అయిపోయిందని గంట కొట్టారు. నాకూ చప్పట్లు పడ్డాయి.

మర్నాడు ఆవిడ కొట్టుకొచ్చింది. లైటు పడితే మెరిసే టేపు ఉందా అని అడిగింది.

"ఎంత కావాలి?"

"రెండో తరగతి పిల్ల చుట్టూ తిరిగేంత."

టేపు చుట్టా, కత్తెరా తీసి ఆవిడ వంక చూశాను.

"ఏం చూస్తావు, కత్తిరించు. వీపుకీ చేతులకీ అంటించాలి. లారీవాడికి దూరంనుంచే కనబడాలిగా. మా పక్కింటి పిల్లలకు కూడా ఇవ్వు. అన్నట్టు, నీ ముళ్లపందికో ముక్క అంటించుకో, అదైనా దారి చూస్తుంది."

టేపు చుట్ట మొత్తం అమ్ముడైపోయింది. ఎన్నికలంటే వ్యాపారానికి పండగని ఊరికే అన్నానా?

పోలింగు మంగళవారం. బ్యాలెట్ మీద గేల్ పేరుంటుంది, నా పేరుంటుంది. వాటి కింద ఒక ఖాళీ గీత కూడా ఉంటుంది. మీకు నచ్చినవాళ్ల పేరు మీరే రాసుకోవచ్చు. మా ఊళ్లో చాలామంది అక్కడ వాళ్ల కుక్క పేరు రాస్తారు.

ఈసారి కుక్కను క్షమించమనండి. ఆ గీత మీద ఓరెట్టా స్వైగర్ట్ అని రాయండి. ఓరెట్టాలో రెండు 'టి'లు, స్వైగర్ట్‌లో ఒకటి. ఆవిడ గెలిస్తే బస్సు వచ్చేస్తుంది, ఆ మెరిసే టేపు నా దగ్గర మళ్లీ ఎవరూ కొనరు. అమ్మకం పడిపోతుందని తెలిసీ అడుగుతున్నాను.

ఓటు వేసేదాకా ఈ సంగతి ఆవిడ చెవిన మాత్రం వేయకండి. పొద్దున బేకరీ, సాయంత్రం పిల్ల, పైన ఈ బోర్డు ఒకటి తగిలించానని తెలిసిందా, ఈసారి నా కొట్టుకు సుత్తి కోసం వస్తుంది!