లిఫ్టు పక్కన నోటీసు

చిట్టి ఆ రోజుకు వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను ముగిసేలోపు అమ్మానాన్నలకు సంగతి చెప్పాలి. సాయంత్రం ఐదులోపు పై చదువుకు ఏ విభాగం కావాలో ఫారం నింపి పంపాలి. ఐదడుగుల ఎనిమిదంగుళాల డాక్టరును ఇంకా చిట్టీ అని పిలిచే ఇంట్లో ఏ సంగతి చెప్పడమైనా కష్టమే. అందులోనూ ఆమెకు కావలసింది పాథాలజీ.

రెండో సంవత్సరంలో మైక్రోస్కోపు కింద గులాబీ, ఊదా రంగుల కణాలను చూసిన రోజే ఆమె మనసు అక్కడ అతుక్కుపోయింది. రోగి ఎదురుగా కూర్చుంటే ఆమెకు గొంతు పెగలదు. గాజుపలక మీది కణం నిదానంగా చూడనిస్తుంది. మధ్యలో అల్లుడి సంగతులు చెప్పదు.

"అంటే రోగులు నీ దగ్గరికి రారా?" అంది అమ్మ, పెనం మీంచి చూపు తిప్పకుండా.

"వాళ్ళ రక్తం వస్తుందమ్మా. కోసిన ముక్కలొస్తాయి."

"పొద్దున్నే ఏం మాటలే అవి. ఇంత చదివీ మనిషి మొహం చూడని డాక్టరువవుతావా? రేపు నాకు మోకాలు నొప్పంటే ఏం చేస్తావు, ముక్క కోసి పంపమంటావా?"

నాన్న పేపరు మడిచాడు. ఆయన ఆ అపార్టుమెంటు సంఘానికి పదకొండేళ్ళుగా కార్యదర్శి. నీళ్ళ ట్యాంకు కడిగించాలన్నా, మెట్లకు రంగు వేయించాలన్నా నోటీసు పెట్టి అందరినీ అడగనిదే అడుగు వెయ్యడు. వెనకాల అందరూ తనను నోటీసాయన అంటారని ఆయనకు తెలుసు. బిరుదనుకుంటాడు.

"మీరిద్దరూ చెరోవైపు లాగితే ఇది తేలదు. నలుగురినీ అడుగుదాం."

"నాన్నా, ఇది నా చదువు. మెట్ల రంగు కాదు."

"మెట్ల కోసమే అడిగినవాణ్ణి, పిల్ల కోసం అడక్కపోతే బాగుంటుందా?"

తొమ్మిదింటికల్లా లిఫ్టు పక్కన కాగితం వేలాడింది. 'మా అమ్మాయి డాక్టరు. ఆమె చదువుటకు ఈ క్రింది విభాగములలో మీకు తగినదని తోచిన దాని ఎదుట ఫ్లాటు నంబరు వేయగలరు.' కింద తొమ్మిది విభాగాలు, గీతలు కొట్టిన గడులు.

అయితే పదకొండేళ్ళుగా ఆ లిఫ్టు పక్కన ఫ్లాటు నంబరు వేయడానికి ఒకటే అర్థం. పురుగుల మందు కొట్టేవాడికైనా, కిటికీలు తుడిచేవాడికైనా నంబరు వేసినవాళ్ళకు మధ్యాహ్నం మూడింటి నుంచి వంతు వస్తుంది. పైన రాసింది ఎవరూ చదవరు. కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఎముకల ఎదుటా, దురద ఉన్నవాళ్ళు చర్మం ఎదుటా నంబర్లు వేసి, తేలికైన మనసుతో పనులకు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం నాన్న లెక్క తెచ్చాడు. "ఎముకలకు పదిహేడు. చర్మానికి ఎనిమిది. గుండెకు నాలుగు. పాథాలజీకి సున్నా."

"చూశావా, లోకంలో మోకాళ్ళు నా ఒక్కదానికే లేవు," అంది అమ్మ.

చిట్టి ఫోను తీసింది. ఫారం తెరిచి, ఎముకల దగ్గర వేలు ఆనించి, నొక్కలేక కూర్చుంది.

మూడింటికి బెల్లు మోగింది. గుమ్మంలో రెండో అంతస్తు టైలరు, చంకలో ఫైలుతో నిలబడ్డాడు. "నాది మొదటి నంబరే కదండీ?" అతని వెనక మెట్ల పొడుగునా జనం. ముందుచూపు ఉన్నవాళ్ళు స్టూళ్ళు కూడా తెచ్చుకున్నారు.

"ఓటేస్తే రసీదు ఇవ్వం కదా, ఎందుకొచ్చారు?" అన్నాడు నాన్న, నిజంగానే అర్థంకాక.

గుమ్మం దాకా వచ్చినవాళ్ళను పంపేయడం అమ్మకు చేతకాదు. అందరినీ కూర్చోబెట్టి టీ పెట్టింది. చిట్టి బిక్కచచ్చిపోయి, "నొప్పి ఎక్కడండీ?" అంది. టైలరు తన మొదటి కుట్టుమిషను కొన్న రోజు నుంచి మొదలుపెట్టాడు. ఆ ప్రవాహాన్ని ఆపడానికి ఆమె, "ముందు ఫైలివ్వండి," అంది. అందులో ల్యాబు రిపోర్టులున్నాయి. తర్వాత వచ్చిన ప్రతి ఫైల్లోనూ అవే. కాగితం చేతిలోకి రాగానే ఆమె గొంతు దానంతటదే పెగిలింది.

నాలుగు దాటాక రిటైరైన హెడ్మాస్టరు గారు భార్యతో వచ్చారు. రిపోర్టులో చక్కెర అంకె కింద ఎర్రసిరాతో రెండు గీతలున్నాయి.

"రెండేళ్ళ క్రితం ఇద్దరం ఒకేరోజు చేయించుకున్నాం. చదువుకున్నవాణ్ణి, మళ్ళీ డాక్టరెందుకని నేనే పథ్యం పెట్టుకున్నాను. ఆనాటి నుంచి తీపి ముట్టలేదు."

"వారి వాటా కూడా నేనే తింటున్నానమ్మా, పారెయ్యలేక," అంది ఆవిడ.

చిట్టి కాగితం పైభాగం చూసింది. "మాస్టారూ, ఇక్కడ పేరు చదివారా?"

"నలభై ఏళ్ళు పేపర్లు దిద్దాను. పేరు చూస్తే పక్షపాతం వస్తుంది. ఏనాడూ చూడలేదు."

"ఇది మామ్మగారి రిపోర్టండీ."

ఆవిడ తన ముందున్న చక్కెర వేసిన టీ కప్పును ఆయన వైపు జరిపింది. ఆయన దాన్ని నెమ్మదిగా చివరిదాకా తాగారు.

"రేపు పరగడుపున ఇద్దరూ మళ్ళీ రక్తమివ్వండి. ఎవరి కాగితం ఎవరిదో నేను చూసి, డాక్టరు దగ్గరికి పంపుతాను," అంది చిట్టి.

అందరూ వెళ్ళేసరికి నాలుగూ నలభై. అమ్మ కప్పులు సర్దుతూ అడిగింది. "రెండేళ్ళూ ఎవరికీ కనబడనిది నీకు కనబడింది. పొద్దున నువ్వు చెప్పింది ఇలా చూసే డాక్టర్ల గురించేనా?"

"వాళ్ళ గురించేనమ్మా."

"ముక్కలూ నెత్తురూ అని మొదలెడితే ఎవరికి అర్థమవుతుందే. వెళ్ళు, అదే పెట్టి పంపు, టైమవుతోంది."

ఫలితం ప్రకటించకపోతే నాన్నకు నిద్ర పట్టదు. మర్నాడు పొద్దున లిఫ్టు పక్కన కొత్త కాగితం పెట్టాడు. 'మా అమ్మాయి పాథాలజీ చదువుటకు ఏకగ్రీవముగా నిర్ణయించడమైనది.'

సాయంత్రానికి దాని కింద ఇరవై మూడు ఫ్లాటు నంబర్లు ఉన్నాయి.