బండి మీద చేసిన పూతరేకులు

అందుచేత, టీచర్లకు ఏడాదికొకసారి ఇంట్లో చేసిన మిఠాయి పెట్టడమే ఈ కాలం కనిపెట్టిన అతి గొప్ప మానసిక చికిత్స అన్న నిర్ణయానికి వచ్చాను. చికిత్స టీచర్లకు కాదు. మనకు!

మీరు ఒప్పుకోరని తెలుసు. ఈ ఆదివారం పొద్దుటి నుంచీ డాబా మీద గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఎదురుగా ఫోనూ, పక్కన మూత తీయని ఒక స్టీలు డబ్బా పెట్టుకుని ఆలోచిస్తున్నాను కనుక నాకు మీకంటే కాస్త ముందు తెలిసింది. అంతే తేడా.

కృతజ్ఞత అంటే ఏమిటో ఎప్పుడైనా నిదానంగా చూశారా? అదొక బరువు. ఎవరో మన పిల్లకు చదువు చెప్పారు. ఆ సంగతి మనసులో అలాగే ఉండిపోతే ఏమవుతుంది? ఆ మనిషి ముఖం గుర్తొస్తుంది. ఆవిడ ఏ ఊరి నుంచి వస్తుందో, మధ్యాహ్నం ఏం తింటుందో, అంతమంది పిల్లల మధ్య అరిచి అరిచి ఆ గొంతు ఏమైపోయిందో అని ఆలోచనలు మొదలవుతాయి. ఎంత ప్రమాదం! అదే, ఆ బరువునంతా నేతిలో వేయించి, పాకం పట్టి, డబ్బాలో కూరి మూత బిగించామనుకోండి, ఇక ఆ మనిషితో మనకు పని లేదు. మూత మాత్రం బిగుతుగా ఉండాలి.

మా అమ్మాయి దుర్గాశ్రీ రాజమండ్రిలో ఒక ప్రైవేటు బళ్లో నాలుగో తరగతి చదువుతోంది. ఇన్నేళ్లూ టీచర్స్ డేకి గోడ గడియారాలు ఇచ్చేవాళ్లం. పాపం, ఆ టీచర్ల ఇళ్లలో గోడకు రెండేసి గడియారాలు, దేని టైము దానిదే. ఈ ఏడు బడివాళ్లకు జ్ఞానోదయమైంది. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ పెట్టారు: 'కొన్న బహుమతులు వద్దు. ప్రేమతో ఇంట్లో చేసినవి మాత్రమే తీసుకురండి.'

ఎంత ఉదాత్తమైన మాట! ఆ సాయంత్రమే ఊళ్లో హోమ్ ఫుడ్స్ దుకాణాల ముందు స్కూటర్ నిలపడానికి చోటు దొరకలేదు. ఇందులో మోసమేముంది? ఇంట్లో చేసినవి తెమ్మన్నారు. ఎవరింట్లో అని అనలేదు కదా!

కొన్నదాన్ని చేసినట్టు కనిపించేలా చేయడం ఎంత సూక్ష్మమైన కళో మీకు తెలియదు. దుకాణం సరుకు మరీ చక్కగా ఉంటుంది. అంత చక్కదనం ఏ సంసారంలోనూ ఉండదు. అందుకని ఒక తల్లి కొన్న జంతికల్ని మళ్లీ మూకుట్లో వేసి కాస్త మాడ్చింది, ఇల్లాలి చేతి గుర్తుగా. ఒక బ్యాంకు మేనేజరు గారు కొడుకు పేరున గ్రీటింగ్ కార్డు తయారుచేయడానికి రెండు రోజులు సెలవు పెట్టి, ఎడం చేత్తో టీచరు బొమ్మ గీశారు. ఆ బొమ్మలో టీచరుకు మెడ లేదు. ఆ మెడ తీసెయ్యడానికే ఆయనకు ఒక పూట పట్టిందట. పిల్లవాడు పక్కనే కూర్చుని టీవీ చూశాడు. వాడు ముట్టుకుంటే కార్డు పాడైపోదూ?

ఇక నా సంగతి. నేను పూతరేకులు ఎంచుకున్నాను.

గోదావరి జిల్లాలో ఉంటూ, పూతరేకులు ఇంట్లో చేశామంటే ఎవరు నమ్ముతారని మీరడగొచ్చు. పొయ్యి మీద కుండ బోర్లించి, పల్చటి పిండిలో ముంచిన గుడ్డను దాని మీద ఒక్క లాగు లాగి, వచ్చిన పొరను చిరగకుండా ఎత్తాలి. మా ఇంట్లో దోసె కూడా చిరగకుండా రాదు. అయితే ఏం? నమ్మరు. నమ్మినట్టు కనిపిస్తారు. సభ్యసమాజం నడిచేదే ఆ 'నట్టు' మీద!

బండి తీసి, బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లి తెచ్చాను. దుర్గాశ్రీ వెనక కూర్చుని వచ్చింది. ఇంటికి రాగానే మా ఆవిడ సుప్రియ గుమ్మంలోనే అడ్డుపడింది.

"ముందా అట్టపెట్టె చింపెయ్యండి. దాని మీద షాపు పేరుంది."

పెళ్లిలో పేరు కొట్టించిన స్టీలు డబ్బాలో సర్దాం. పైన 'సుప్రియ' అని అందమైన అక్షరాలు. లోపల ఎవరి పనితనమో. ఆధునిక మానవుడి అంతరంగానికి ఇంతకంటే మంచి నమూనా నాకు ఏ మనస్తత్వ శాస్త్రంలోనూ కనబడలేదు.

టీచర్స్ డే వచ్చింది. ఫోటోలు తీశారు. "కొంచెం నవ్వండి మేడమ్, డబ్బా మీద పేరు కనపడేలా పట్టుకోండి" అని తల్లులు బతిమాలారు. అన్ని క్లాసుల టీచర్లూ డబ్బాలు అందుకుని, "అయ్యో, ఎందుకండీ మీకీ శ్రమ" అన్నారు. ఎంత సంస్కారం! చికిత్స పూర్తయింది. మా బరువు దిగింది.

కానీ నాలుగో తరగతి టీచరు వినీల గారు ఏం చేశారో తెలుసా?

మూత తీశారు!

ఇంతటి అనాగరికం ఎక్కడైనా విన్నారా? ధవళేశ్వరం నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చే మనిషి, డబ్బాలన్నీ సంచిలో వేసుకుని బుద్ధిగా ఇంటికి పోవచ్చు కదా? పోలేదు. తలుపు దగ్గర నిలబడి ఫోటోలు తీస్తున్న తల్లులు ఇంకా కదలకముందే, అన్నిటి మూతలూ తీసి, పిల్లలందరికీ తలా కాస్త పెడుతూ, ఒక్కొక్కరినీ లేపి అడగడం మొదలుపెట్టారు: "ఇది ఎలా చేశారమ్మా?"

ముందుగా లేపింది మా అమ్మాయినే.

ఇక్కడొక మాట చెప్పాలి. మా దుర్గాశ్రీ బళ్లో మాట్లాడదు. నర్సరీ నుంచీ అంతే. ఇంట్లో గలగలలాడే పిల్ల, బడి గేటు దాటగానే మూగదైపోతుంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, అంతే. భయమో, సిగ్గో, మరేమిటో తెలుసుకుందామని లావుపాటి పుస్తకాలు తెప్పించుకుని చదివాను. పిల్లను అడగడం మాత్రం తోచలేదు. ఏటా టీచరుకు ఒక గడియారం ఇచ్చాం. ఏటా "చాలా బుద్ధిమంతురాలండీ, నోట్లో నాలుక లేదు" అన్న మెప్పు తెచ్చుకున్నాం. అందరికీ సుఖంగా ఉండేది.

ఆ పిల్ల లేచింది.

"మా నాన్న చేశారండీ" అంది.

"నాన్నగారే! ఎలా చేశారమ్మా?"

"బండి మీద చేశారండీ. నేనూ వెళ్లానండీ. బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్లి, ఇంటికొచ్చి అట్టపెట్టె చింపేసి, అమ్మ పేరున్న డబ్బాలో సర్ది చేశారండీ."

క్లాసు గొల్లుమంది. వినీల గారు నవ్వలేదట. "ఎంత బాగా చెప్పావమ్మా! మొదట్నుంచీ చివరిదాకా ఒక్కటీ వదల్లేదు" అని వీపు నిమిరారట. ఇంకేముంది, మిగతావాళ్లకు రోషం వచ్చింది. చేతులన్నీ పైకి లేచాయి.

"మా అమ్మ జంతికలు మాడ్చి చేసిందండీ!"

"మా నాన్న బొమ్మకి మెడ పీకేశారండీ!"

"మీవన్నీ ఏంటి? మా నాయనమ్మయితే కాజాలు అట్లకాడతో నొక్కి నొక్కి చేసిందండీ!" అని అరిచినవాడు కిరణ్. వాడి నాయనమ్మ శ్యామలాంబ గారే మా పేరెంట్స్ గ్రూపు అడ్మిన్. కొడుక్కీ కోడలికీ ఉద్యోగాలతో తీరిక లేక, గ్రూపు పెత్తనం ఆవిడకు అప్పగించారు. తలుపు దగ్గర ఫోను ఎత్తి పట్టుకుని ఆవిడ అదంతా వీడియో తీస్తున్నారు.

ఆ వీడియో గ్రూపులోకి రాలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాటి నుంచీ తల్లులు "మేడమ్, మా డబ్బా" అని టీచరుకు గుర్తుచేయడం మొదలుపెట్టారు. పేర్లున్న గిన్నెలూ డబ్బాలూ ఎవరు వదులుకుంటారు? పైగా మనవైపు ఖాళీ డబ్బా తిరిగి పంపడం తప్పు. గుప్పెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. చూశారా మన అభిమానం ఎంత గొప్పదో! ఒక తరగతి పిల్లల డబ్బాలన్నీ ఆవిడే నింపి ఇవ్వాలి. గురువుకు సన్మానం చేసి, దాని ఖర్చు గురువు మీదే వేయగల జాతి మరొకటి ఉంటే చూపించండి.

వినీల గారు నింపారు. ఎలాగంటే, నిన్న శనివారం క్లాసులో బల్లలు పక్కకు జరిపి, కాగితాలు పరిచి, అటుకులూ బెల్లం తురుమూ కొబ్బరీ పెట్టి, పిల్లలచేతే ఉండలు చుట్టించారు. ఎవరు చుట్టింది వాళ్ల డబ్బాలో వేసి పంపారు.

గంటలో గ్రూపు భగ్గుమంది. శ్యామలాంబ గారి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఏంటండీ ఈవిడ వరస? పెట్టిన వాళ్లనే అడుగుతారా ఎలా చేశారూ అని? మా ఇంట్లో ఇంతవరకూ ఏ అల్లుడూ అడగలేదండి! పైగా పిల్లలచేత వంటలా? రేపు మా కిరణ్ గరిటె పట్టుకుని నిలబడాలాండీ? ఫీజులు దేనికి కడుతున్నామండీ మనం? ప్రిన్సిపాల్ గారితో చెప్పి ఈ టీచర్ని మార్పించేద్దామండి. ఆయ్."

"కరెక్టండీ." "పిల్లల్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడమేంటండీ?" "చేతులు కడిగించారో లేదో కూడా తెలీదండీ." బ్యాంకు మేనేజరు గారు ఏమీ రాయలేదు, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆ చేతులకు మాత్రం మెడతో పని లేదు.

ఇవాళ పొద్దున్నే పోల్ పెట్టారు. 'వినీల టీచర్‌ని మార్చాలి.' కింద రెండు గళ్లు: అవును, కాదు. రేపు ప్రార్థన కాకముందే ఆ ఫలితం ప్రిన్సిపాల్ గారి బల్ల మీద ఉంటుంది. మార్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ప్రైవేటు బళ్లో సెప్టెంబరులో క్లాసు పోయిన టీచరుకు ఇంకో క్లాసు ఉండదు. ఇంటికే.

'అవును' పక్కన గీత నిండుతూ పోతోంది. 'కాదు' పక్కన ఏమీ లేదు. ఎవరు ఎటు నొక్కారో వేలు పెట్టి చూస్తే పేర్లతో సహా కనిపిస్తుంది. భయానికి ఇంత పారదర్శకమైన యంత్రం ఇంతకుముందు ఎవరికీ దొరకలేదు!

మధ్యాహ్నం సుప్రియ మెట్ల మీంచే కేకేసింది. "నొక్కారా? మనం ఒక్కళ్లమే మిగిలామండీ. శ్యామలాంబ గారు రెండుసార్లు అడిగారు. అసలు ఇదంతా మొదలైంది మన పిల్ల వల్లేనని ఇప్పటికే అనుకుంటున్నారు!"

నొక్కాల్సింది 'అవును' మీదేనని నేను మీతో వాదించగలను. ఇంతసేపూ వాదిస్తూనే ఉన్నాను కదా. ఎంత హాయైన ఏర్పాటును ఆవిడ చెడగొట్టారో చూడండి. టీచరు నోరు తీపి చేసేది ఎందుకు? అందులోంచి మనకు నచ్చని మాట రాకుండా. పిల్లను బడికి పంపేది ఎందుకు? ఇంటి సంగతి బయట చెప్పకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి. ఈ రెండు నోళ్లూ మూసి ఉన్నంతకాలం మనంత గురుభక్తులు మరొకరు లేరు. ఈవిడ అభిమానం అంటే ఏమనుకున్నారో, ఏమీ మాట్లాడని పిల్లచేత మాట్లాడించారు. మాట్లాడితే నిజం తప్ప ఇంకేం వస్తుంది ఆ వయసులో?

సన్మానానికి పనికొచ్చే టీచర్లు చాలామంది ఉన్నారు. పని చేసే టీచరు వస్తే మనకు కోపం వస్తుంది. మనం డబ్బాలు మోసుకెళ్లేది అలాంటివాళ్లు ఎదురుపడకూడదన్న మొక్కుబడితోనే.

ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి దుర్గాశ్రీ మెట్లెక్కి వచ్చింది. డబ్బా వంక చూసింది.

"మూత తీయలేదేంటి నాన్నా? నిన్నట్నుంచీ అలాగే ఉంచారు!"

తీశాను. 'సుప్రియ' అన్న మూత కింద ఒక అటుకుల ఉండ. ఉండ అనడం నా మర్యాద. ఒక పక్క చదునుగా, ఒక పక్క విరిగి, మధ్యలో చిన్న వేళ్లు గట్టిగా నొక్కిన గుంటలు. ఏ దుకాణమూ దీన్ని అమ్మలేదు. ఏ తండ్రీ ఎడం చేత్తో దీన్ని తయారుచేయలేడు.

విరిచి నోట్లో వేసుకున్నాను. బెల్లం ఎక్కువైంది. దుర్గాశ్రీ నా నోటి వంకే చూస్తోంది.

"ఎలా చేశావమ్మా?" అని అడిగాను.

"నేనా? ముందేమో టీచర్ బెల్లం తురిమారు. అటుకులు నేను కలిపాను. కిరణ్ నీళ్లు ఎక్కువ పోసేశాడు, జారిపోతుంటే 'ఇలా కాదురా' అని నేనే చెప్పాను. అందరూ విన్నారు నాన్నా! తర్వాత గట్టిగా నొక్కి..." అని మొదలుపెట్టింది. ఇంకా చెబుతూనే ఉంది.

వింటూనే ఫోను చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలికి బెల్లం అంటుకుని ఉంది. 'కాదు' మీద నొక్కితే ఫోను పట్టించుకోలేదు.

లుంగీకి తుడుచుకుని, మళ్లీ నొక్కాను.