మృగశిర నాటి చప్పటి పులుసు

మృగశిర కార్తె నాడు చేప తినడానికి ఏ మతమూ అడ్డు రాదు. అందుకే 1996 జూన్‌లో ఆ పొద్దున ఎస్తేరమ్మ మహేశ్వరంలో ప్రార్థన ముగించుకుని, మొదటి బస్సుకే పాల్మాకులలోని తమ్ముడు మత్తయ్య ఇంటికి వచ్చి కొంగు బిగించింది. మరదలు సిల్వియాకు దవాఖానలో డ్యూటీ. మేనకోడలు క్యాథరిన్‌కు గైడు అయిన అనంతయ్య సారు భోజనానికి వస్తున్నాడు. ఆయన సంతకం పెడితే పిల్ల డాక్టరేట్ చేతికొస్తుంది, లేకుంటే ఇన్నేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

క్యాథరిన్ చదువంతా ఇంటి పెరట్లో పెంచుతున్న చేపల మీదే, సారు చూడ్డానికి వస్తున్నదీ వాటినే. చెరువు చేపకు మేతలో హార్మోను మందు కలిపి పెడుతూ, నీళ్లలో కొంచెం కొంచెంగా ఉప్పు పెంచుతూ, చివరికి దాన్ని సముద్రమంత ఉప్పునీళ్లలో బతికించడం ఆమె పని. ఈ సంగతి మేనత్తకు ఎన్నోసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఎస్తేరమ్మ "మా బంగారమే" అని తల నిమిరిందే గానీ ఒక్క ముక్కా చెవికెక్కించుకోలేదు.

మత్తయ్య పొద్దున్నే బజారు నుంచి బతికున్న తిలాపియా చేపలు తెచ్చి పెరట్లో వదిలాడు. "అక్కా, శాపలు పెరట్ల తొట్టిల ఉన్నయ్" అని ఒక్క మాట చెప్పి, బిడ్డను స్కూటరెక్కించుకుని సారు కోసం శంషాబాద్ బస్టాండుకు పోయాడు.

పెరట్లో తొట్లు రెండున్నాయి. రెండింట్లోనూ ఒకే తీరు చేపలు. కూరకేవో, చదువుకేవో చెప్పే దిక్కు లేదు. అయినా ఎస్తేరమ్మ తెలివికేం తక్కువ? రెండు తొట్లలోనూ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఒకటి చప్పన, ఒకటి ఉప్పు కషాయం. బతకాల్సిన చేపకు ఎవరైనా ఉప్పు వేస్తారా? నీసు వాసన పోవాలని తమ్ముడే ఉప్పునీళ్లలో వేసి పెట్టాడనుకుని మురిసిపోయింది. ఉప్పు తొట్టి చేపలన్నీ కత్తిపీట దగ్గరికొచ్చాయి. ఉప్పులో నానిన చేపకు మళ్లీ ఉప్పెందుకని పులుసులో చిటికెడు కూడా వేయలేదు. అతిథికి పెట్టేదాన్ని ముందుగా ఎంగిలి చేయడం ఆమె పద్ధతి కాదు కాబట్టి రుచీ చూడలేదు. వేపుడుకని కొన్ని పచ్చి ముక్కలు మాత్రం పక్కన పెట్టింది.

సారు వచ్చాడు. చాయ్ తాగుతూ క్యాథరిన్‌కు తన అనుమానం విప్పి చెప్పాడు. "చేప బతికితే సరిపోదమ్మా. ఉప్పు దాని కండలోకి ఎక్కకుండా బతికిందా అన్నది తేలాలి. అది తేలితేనే సంతకం." వంటింట్లోంచి విన్న ఎస్తేరమ్మ, పెద్ద చదువుల్లోనూ ఉప్పు గొడవే ఉంటుందన్నమాట అనుకుంది.

ఈలోగా పెరట్లోకి పోయిన మత్తయ్య పాలిపోయిన మొహంతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, ఉప్పు తొట్టిల శాపలేవి?"

"పొయ్యి మీద ఉడుకుతున్నయ్ తమ్మీ. ఉప్పేసి పెట్టింది నువ్వే గద."

మత్తయ్య తల పట్టుకున్నాడు. గుసగుసగా అసలు సంగతి చెప్పాడు. తర్వాత ఆయనకూ ఒక తెలివి పుట్టింది. చేప మొహం చూసి ఇది ఫలానాదని సారు మాత్రం ఎట్లా చెప్తాడు? బజారు చేపలన్నింటినీ వలతో ఎత్తి ఉప్పు తొట్టిలో వేశాడు. సారు రెండో చాయ్, ఆ పైన పరిశోధన మీద చిన్న ఉపన్యాసం ముగించుకుని పెరట్లోకి వచ్చేసరికి, సగం చేపలు వెల్లకిలా తేలుతున్నాయి, మిగతావి నోళ్లు తెరిచి తేలడానికి సిద్ధంగా ఉన్నాయి.

క్యాథరిన్ తొట్టి పక్కనే కూలబడిపోయింది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి ఎస్తేరమ్మ ముందుకొచ్చింది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"ఇవి బజారు శాపలు సారూ. మా పిల్లవి పులుసుల ఉన్నయ్. తప్పు నాది. దాని చదువు ఖరాబ్ చెయ్యకుండ్రి."

మేతలో మందు ఎప్పుడు ఆపావని సారు క్యాథరిన్‌ను అడిగాడు. ఆపి చాలా రోజులైందని ఆమె వెక్కుతూ చెప్పింది. పొద్దుటి నుంచి ఆయన కడుపులో చాయ్ తప్ప మరేమీ లేదు. మందు ఆపారు కాబట్టి తింటే భయం లేదు, వండినవి ఎట్లాగూ వండారు, వడ్డించమన్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఉప్పు వేయలేదేమిటమ్మా?"

"ఉప్పునీళ్లల్ల నానినయ్ గద సారూ, అవే ఉప్పగుంటయ్ అనుకున్న."

సారు ఒక ముక్క తీసి, గ్లాసులో నీళ్లతో పులుసంతా కడిగి, కళ్లు మూసుకుని నమిలాడు. ఇంకొకటి నమిలాడు. పచ్చి ముక్కలేమైనా మిగిలాయా అని అడిగి, వేపుడు ముక్కలను డబ్బాలో పెట్టించుకున్నాడు.

"వారాల తరబడి సముద్రమంత ఉప్పులో ఉన్న చేప ఇంత చప్పగా ఉందంటే, హార్మోను దాని మొప్పలకు పని నేర్పిందమ్మా. లోపలికి పోయిన ఉప్పును ఎప్పటికప్పుడు బయటికి నెట్టేశాయి. మందూ తినక, ఉప్పుకూ అలవాటు పడని చేపల గతి ఆ తొట్టిలో కళ్లారా చూశాం. ల్యాబులో ఈ ముక్కలు కూడా ఇదే మాట చెబితే నా సంతకం నీదే."

క్యాథరిన్ ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. మత్తయ్య గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు. సారు అన్నం సంగతి మరిచిపోయి మొప్పల గొప్పతనం మొదలుపెట్టాడు. అది ఎంతకీ తెగేటట్టు కనబడక, ఎస్తేరమ్మ ఉప్పు డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన నిలబడింది.

"గదంత మంచిగనే ఉంది సారూ. ఇగ ఉప్పు ఎయ్యొచ్చా?"