బోర్డు లేని కొట్టు, బుట్ట చేతుల గౌను

సంస్థ యాభయ్యో వార్షికోత్సవానికి సిబ్బంది యావన్మందీ యాభై ఏళ్ళనాటి దుస్తుల్లో హాజరు కావలెనని మా ఆఫీసులో ఉత్తర్వు వెలువడింది. చేతిపనిని గౌరవించడమే ఉత్సవ ముఖ్యోద్దేశమట. ఉత్తర్వును శిరసావహించి అందరం దుస్తులు అద్దెకు తెచ్చుకున్నాం.

రికార్డుల గుమాస్తా ఒక్కావిడే ఆ మాట నిజమని నమ్మింది. అమ్మమ్మ ఫొటో ముందు పెట్టుకుని, పాత పేపర్ల మీద కొలతలు గీసుకుని, గుండ్రటి కాలరూ బుట్ట చేతులూ ఉన్న గౌను తనే కుట్టడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి నాలుగుసార్లు విప్పి కుట్టింది. మూడు వారాలు భోజనాల బల్ల మీద మిషను ఉంది, భోజనాలు కిటికీ గట్టు మీద జరిగాయి. కొలతలు చూసుకునే బొమ్మ లేనందువల్ల భర్తగారే గౌను తొడుక్కుని ఎత్తుపీట మీద నిలబడేవారు. అంచు మడిచేటప్పుడు ఊపిరి పీల్చకూడదని నియమం. ఆయన పాటించారు. ఒకసారి పక్కింటాయన నిచ్చెన అడగడానికి వస్తే ఆ గౌనుతోనే వెళ్ళి తలుపు తీశారు. పక్కింటాయన నిచ్చెన సంగతి ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

ఆవిడకు కావలసింది బహుమతి కాదు. చిన్నప్పటి నుంచీ ఏం చేసినా "ఫరవాలేదు" అనిపించుకున్న మనిషి. "నువ్వే కుట్టావా, ఎంత బాగుందో" అని ఒక్కరంటే చాలు.

ఉత్సవానికి ముత్యాల దండ, తెల్ల చేతితొడుగులు, చెవుల మీదికి చుట్టిన జుట్టుతో, భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. హాలంతా చుట్టూ మూగింది.

"ఎక్కడ కొన్నావమ్మా?" అని క్యాషియరమ్మ అడిగింది.

"నేనే కుట్టుకున్నానండీ."

అప్పుడు కనిపించాయి గౌనులో లోపాలు. కాలరు పక్కకు లాగుతోందని ఒకరు, చేతులు మరీ ఉబ్బాయని ఒకరు సానుభూతి తెలిపారు. "ఇంట్లో కుట్టినదానికి ఫరవాలేదులే" అని క్యాషియరమ్మ తీర్పు చెప్పింది. మేనేజరు గారు వేదికెక్కి, "చేతిపనిని గౌరవించలేని సమాజం ముందుకు పోజాలదు" అని నలభై నిమిషాలు ప్రసంగించి, కిందికి దిగి, గౌను ఎక్కడ కొన్నావని అడిగారు.

ఆవిడకు ఒళ్ళు మండింది. "గడియారాల షాపు వెనక సందులో, మూడో మలుపు దగ్గర కొట్టండీ. బయట బోర్డు ఉండదు" అంది.

కాలరు తక్షణం సర్దుకుంది. "అదీ పనితనమంటే" అన్నారు మేనేజరు గారు. ఆ కొట్టు తనకు ఎప్పటి నుంచో తెలుసంది క్యాషియరమ్మ. ఈమధ్య అక్కడ నాణ్యత తగ్గిందని అకౌంటెంటు బాధపడ్డాడు. నేను మాత్రం ఊరుకుంటానా, యజమాని మాకు దూరపు చుట్టమని చెప్పాను.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ భర్తగారు అన్నారు: "ఆ కొట్లో నాకూ ఓ చొక్కా చూస్తే ఎలా ఉంటుంది?"

"అదేంటండీ, నేను కుట్టడం మీరు చూశారుగా. ఒంటి మీద వేసుకుని మరీ నిలబడ్డారుగా."

"చూశాననుకో. కానీ అంతమంది చెబుతున్నారు, ఊరికే చెబుతారా?"

ఆవిడ ఆయనకు దారి వివరంగా చెప్పింది. ఆయన సాయంత్రానికి తిరిగొచ్చారు. కొట్టు బ్రహ్మాండంగా ఉందట గానీ, జనం ఎక్కువై లోపలికి వెళ్ళడానికి వీలుపడలేదట.