మా పార్కులో భూమి చల్లబడిన విధం

భూమి వేడెక్కిపోతోందని ఎవరూ బెంగపెట్టుకోకండి. నెలకో ఆదివారం మా పార్కులో దాన్ని చల్లార్చేస్తున్నారు! ఏడింటికి మొదలుపెడితే ఎనిమిదిన్నరకల్లా పూర్తి. ఆ తర్వాత ఎండొస్తుంది కదా, పాపం.

నేను ఆ పార్కు తోటమాలిని. అయిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. వాతావరణం సంగతి నాకేం తెలుసు? అందుకే పార్కు శుభ్రం చేయడానికి వచ్చే వాలంటీర్లను చూసి నేర్చుకుంటున్నాను.

మొదటిసారి నలభై మంది దిగారు. కొత్త ఆకుపచ్చ టీషర్టులు, కొత్త గ్లౌజులు, మనిషికో కారు. నడిచొస్తే అలిసిపోరూ? అలిసిపోతే భూమిని కాపాడేదెవరు?

తప్పు నాదే. తెల్లవారకముందే ఊడ్చేశాను. చెత్త ఎత్తడానికి పెద్దవాళ్లు వస్తుంటే ఒక్క గుప్పెడైనా మిగల్చకపోవడం ఏం మర్యాద! గడ్డి అంతా గాలిస్తే ఒక్క చాక్లెట్ కాగితం దొరికింది. దాన్ని ఏడుగురు పట్టుకుని ఫొటో దిగారు.

"బాబాయ్, చెత్తేదీ?" అంది వాళ్ల లీడరమ్మ.

"ఊడ్చేశానమ్మా."

"అయ్యో! మేమొస్తున్నామని తెలిసి కూడానా?"

తలవంచుకున్నాను.

ఇంతలో ఒకాయన గోడ వెనక నుంచి గావుకేక పెట్టాడు. "ఇక్కడుంది! బోలెడుంది!"

ఆయనకు దొరికింది నా ఆకుల గుంత. ఎనిమిది నెలలుగా రాలిన ఆకులన్నీ అందులోనే పోస్తున్నాను. అడుగునంతా నల్లగా, మెత్తగా ఎరువైంది. కొత్తగా నాటిన అరవై మొక్కల మొదళ్లకు ఎండలు ముదరకముందే కప్పుదామని దాచుకున్నది. కప్పితే తడి నిలుస్తుంది, మొక్క బతుకుతుంది. అంతే నాకు తెలిసిన చదువు.

"అమ్మా, అది చెత్త కాదు..."

"మీరు కూర్చోండి బాబాయ్! రోజూ మీరేగా చేసేది. ఇవాళ రెస్టు తీసుకోండి."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి! కూర్చున్నాను. యాభై ప్లాస్టిక్ సంచులు నిండేదాకా కూర్చునే ఉన్నాను. లారీ వాటిని ఎక్కించుకుని, నల్లగా పొగ వదిలి వెళ్లిపోయింది. "భూమిని కాపాడదాం" అన్న బ్యానరు మాత్రం గేటుకే వదిలేశారు. అదీ ప్లాస్టిక్కే. గట్టి సరుకు, మన మనవలు కూడా చదువుకోవచ్చు.

ఆ ఎండలకు అరవైలో పదకొండు మిగిలాయి. మాడిన నలభై తొమ్మిదీ వృథా పోయాయనుకునేరు! మరుసటి నెల వాలంటీర్లే వచ్చి, పీకి, సంచుల్లో వేశారు. ఈసారి చెత్తకు లోటు రాలేదు.

"నీకు నోరు లేదటయ్యా?" అంది మా ఆవిడ.

నోరెందుకు, తోపుడు బండి ఉండగా? మళ్లీ ఆకులు పోగేయడం మొదలుపెట్టాను. దాంతోపాటు వాళ్లు వచ్చే ముందురోజు సాయంత్రం వీధి చివరి సీసాలు, కవర్లు బండి నిండా తెచ్చి గేటు పక్క గడ్డి మీద చల్లుతున్నాను. పొద్దుటి వెలుతురు సరిగ్గా మొహం మీద పడే చోటే చూసి మరీ!

మొన్న ఆదివారం లీడరమ్మ ఆ గుట్ట చూసి ముక్కు మూసుకుంది.

"ఏంటి బాబాయ్, పార్కు ఇంత మురికిగా ఉంటే మీరేం చేస్తున్నట్టు?"

"మీకోసమే ఎదురుచూస్తున్నానమ్మా."

ఆవిడ ఎంత పొంగిపోయిందో! అందరూ అక్కడే వంగి ఏరారు, అక్కడే ఫొటోలు దిగారు, అక్కణ్ణుంచే కార్లెక్కారు.

గోడ వెనక్కి ఒక్కరూ రాలేదు. గుంత మోకాలి లోతు నిండింది.