నరసింహులు మీసం

మద్రాసు సినిమా కంపెనీ వాళ్లు నంద్యాల బంగళాలో కొత్తవాళ్లకు కెమెరా పరీక్ష పెడుతున్నారని తెలిసి, ఆళ్లగడ్డ నరసింహులు పొద్దున్నే మీసం తీసేశాడు. నాటకాల్లో అతనిది రాముడి వేషం. రాముడికి మీసం ఉండదు. నాయన పుల్లయ్య ఎద్దుల బేరానికి ముందురోజే గడివేముల పోయాడు గనక అడిగేవాళ్లు లేరు. దువ్విన క్రాపు గాలికి చెదరకుండా తలకు తువ్వాలు చుట్టుకుని బస్సెక్కాడు.

ఆ సీమలో కొడుకు మీసం తీసి తల గొరిగించుకునేది తండ్రి పోయినప్పుడే. బోడి మూతినీ తువ్వాలునూ చూసి ఒకాయన లేచి సీటిచ్చాడు.

"ధైర్యంగా ఉండప్పా," అన్నాడు కండక్టరు.

"ఉండాన్నా. ఎన్నేండ్ల నుంచో ఎదురుచూస్తాండా. ఈ పొద్దుకు కుదిరింది."

కండక్టరు తల దించుకుని ముందుకు పోయాడు. తనలోని నటుణ్ని జనం అప్పుడే గుర్తుపట్టారని నరసింహులు అనుకున్నాడు.

నంద్యాలలో బస్సు ఆగగానే, వాళ్ల కుటుంబాన్ని ఎరిగిన కండక్టరు నరసింహులు మేనత్త రంగమ్మ ఇంటికి పోయాడు. "మీయన్న పోయినాడంటమ్మా. కొడుకు మీసం తీసి బంగళా దిక్కు పోతాండాడు."

బంగళాలో డైరెక్టరు నరసింహులును కెమెరా ముందు నిలబెట్టాడు. "మీ నాన్నగారు పోయారని కబురొచ్చింది. ఏడవండి."

నరసింహులు పద్యం ఎత్తుకున్నాడు.

"పద్యం వద్దు. ఊరికే ఏడవండి."

పద్యం లేకుండా ఏడవడం అతనికి అలవాటు లేదు. కెమెరా తిరుగుతోంది, కన్ను తడవలేదు. ఇక చాలు అని డైరెక్టరు చెయ్యెత్తబోతుండగా రంగమ్మ రొమ్ము బాదుకుంటూ వచ్చి మేనల్లుణ్ని పట్టుకుంది. "మాయన్న పోయెనే!"

గడివేములలో ఏదో జరిగిందనుకుని నరసింహులు కూలబడ్డాడు. "నాయనా," అని ఏడ్చాడు. డైరెక్టరు ఎత్తబోయిన చెయ్యి దించేశాడు.

గడివేముల నుంచి తిరిగొస్తూ చెల్లెలింట అన్నం తిందామనుకున్న పుల్లయ్య, ఆమె ఏడుస్తూ పోవడం వీధి చివర నుంచి చూశాడు. ఎవరు పోయారో తెలియకపోయినా తానూ కండ్లు తుడుచుకుంటూ వెనకాలే వచ్చాడు.

"ఎవురు పోయినారు రంగమ్మా?"

రంగమ్మ ఏడుపు ఆగింది. "నువ్వేన్నా," అంది.

పుల్లయ్య కొడుకు మూతి చూశాడు. "నేను బతికుండంగనే తీసినావా? ఏందిరా అంత తొందర?"

"సినిమాకు, నాయనా."

డైరెక్టరు దగ్గరికొచ్చాడు. "ఇంత నిజంగా ఇంతవరకు ఎవరూ ఏడవలేదు. కానీ మాది పాలెగాళ్ల కథ. మీసం లేకుండా కుదరదు. పెంచుకుని రండి."

"పెంచుతాడు లేప్పా," అన్నాడు పుల్లయ్య. "మళ్లా తీసేది నేను పోయినాకనే."

చావు పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని ఆళ్లగడ్డలో అందరూ పుల్లయ్యతో అన్నారు. నరసింహులు మీసం కూడా బాగానే పెరిగింది. అప్పటికి కంపెనీ వాళ్లు పాలెగాళ్లను మానుకుని రాముడి కథ మొదలుపెట్టారు.