లారీ కిరాయి దించిన మొనగాడు

సూర్యనారాయణ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. అనకాపల్లి వెళ్లి లారీ మాట్లాడుకోవడం, నక్కపల్లి దగ్గరి తన చేలో చెరకు ఎక్కించి మిల్లుకి పంపేయడం, అంతే. ఉన్న ఎకరంలో సగం నిన్ననే నరికించాడు. నరికిన చెరకు రెండు రోజుల్లో మిల్లు చేరకపోతే ఎండి తూకం పోతుంది. మరీ ఎండితే మిల్లువాడు తీసుకోనే తీసుకోడు. మొగుడూ పెళ్లాం ఏడాదంతా వంచిన నడుం ఎత్తకుండా పెంచిన పంట అది. వాళ్లింట్లో తిండీ, కూతురు సుప్రియ కాలేజీ చదువూ ఆ చెరకులోంచే రావాలి.

లారీల బ్రోకరు పైడిరాజు కిరాయి పద్దెనిమిది వేలన్నాడు.

"పోయిన నెల పదే కదేటి!"

"పోయిన నెల వరి కోతల్లేవు కదా బావా. ఇప్పుడు ఉన్న లారీలన్నీ ధాన్యం మీదున్నాయి. నీ సెరకుకి రమ్మంటే ఆళ్లకన్నా ఎక్కువివ్వాల. కోతలయిపోతే అదే దిగిపోద్ది, ఆగు."

"నరికిన సెరకు ఆగుద్దేటి?"

పైడిరాజు మాటల్లో సూర్యనారాయణ చెవికెక్కింది ఒక్కటే, ఎక్కువిస్తే లారీలు వస్తాయన్నది. కొందరికి తెలివి ఎప్పుడు రాకూడదో అప్పుడే వస్తుంది. పక్క టీకొట్టులో డ్రైవర్లు వినేలా, "మా నక్కపల్లి ఏపు సెరకు లోడుకి ఇరవై రెండు ఇత్తన్నారు, లారీల్లేక సత్తన్నారు" అని వదిలాడు. పాతిక లారీలు ఎగబడి వస్తే, లోడు దొరక్క వాళ్లలో వాళ్లే పోటీపడి తగ్గిస్తారని ఆయన ఎత్తు. ఆనందం పట్టలేక రెండో టీ కూడా తాగాడు.

డ్రైవర్లు ఫోన్లు తీశారు. లారీకి రోడ్డు కావాలి గానీ మాటకి అక్కర్లేదు. పొద్దు వాలేవేళకి ఆయన ఆటో దిగేసరికి, ఆ ఇరవై రెండు ఊళ్లో ముప్పై అయి కూర్చుంది. వారం లోపల ఎప్పుడైనా నరుక్కోమని మిల్లు ఆర్డరిచ్చిన రైతులందరూ, రేపు ఎంతిచ్చినా లారీ దొరకదని హడలిపోయి ఒకేసారి కత్తులు పట్టుకుని చేలలో దిగారు.

పక్క చేను నానాజీ ఎదురొచ్చాడు. "మావా, ఇన్నావా? కిరాయి ముప్పై అయిపోద్దంట! ఉన్నదంతా కొట్టించేత్తన్నాను."

"ఎవుడో కూసిన కూత నమ్ముతావేటిరా!"

"ఎవుడో కాదు మావా, అనకాపల్లి డ్రైవర్లే సెప్పేరు."

ఆ మాట తనదేనంటే ఊరంతా కలిసి తంతుంది. సూర్యనారాయణ నోరు మూసుకుని చేలోకి పరుగెత్తాడు. భార్య చిన్నమ్మలు గట్టు మీద చెమట తుడుచుకుంటోంది. పొద్దున నిలబడి ఉన్న మిగతా సగం చెరకు నేల మీద పడి ఉంది.

"రేపు ముప్పై అంట గదా! కూలోళ్లకి ఎక్కువిచ్చి మొత్తం కొట్టించేసేను. నువ్వు లేపోయినా నేను బుర్ర ఆడించేను" అంది గర్వంగా. ఆయనకి ఏడుపొచ్చింది.

తెల్లారేసరికి లారీలు వచ్చాయి. నిజంగానే పాతిక దాకా వచ్చాయి. కానీ అప్పటికి ప్రతి చేలోనూ చెరకు నేల మీదే ఉంది. రైతులే ఒకరిని చూసి ఒకరు కిరాయి పెంచుకుంటూ ఇరవై ఆరుకి తీసుకెళ్లారు. "ఆగండ్రా, తగ్గుద్ది" అని సూర్యనారాయణ మొత్తుకుంటే, పాపం మతిపోయిందన్నారు. చివరికి తనూ ఇరవై ఆరుకి సిద్ధపడి రోడ్డెక్కేసరికి ఒక్క లారీ మిగల్లేదు. వెళ్లినవన్నీ మిల్లు గేటు ముందు వరస కట్టి మూడు రోజులు కదల్లేదు. ఆ మూడు రోజులూ ఎండ మాడ్చేసింది. చిన్నమ్మలు చెరకు మీద ఆకు కప్పుతూ, బిందెలతో నీళ్లు చల్లుతూనే ఉంది. ఆమెని చూడలేక ఆయన మొహం తిప్పుకునేవాడు.

అయిదో రోజు భోజనాల వేళ పైడిరాజు ఫోన్ చేశాడు. "బావా, వరి కోతలయిపోనాయి. లారీలన్నీ కాళీ. ఎనిమిది వేలకే వత్తాయి, ఎక్కించుకో."

"ఏటెక్కించమంటావు?" అని ఫోన్ పెట్టేశాడు సూర్యనారాయణ. ఆ పొద్దున్నే మిల్లు మనిషి వచ్చి, గడ విరిచి చూసి, ఇది పొయ్యిలోకి తప్ప పనికిరాదని ఆర్డరు కొట్టేసి వెళ్లాడు.

చిన్నమ్మలు కంచంలో అన్నం పెడుతూ ఏడ్చేసింది. "ఆ కిరాయి మాట పుట్టించినోడు ఎవుడో గానీ, ఆడి నోట్లో మన్ను పడ!"

సూర్యనారాయణ కష్టం మీద ముద్ద దిగమింగాడు.

"పడిందిలే" అన్నాడు.